నొప్పి లేని పుండు మానిపోయింది, అది హెర్పిసా, సవాయా?

మీరు రాసింది రెండుసార్లు చదివాను తమ్ముడూ. ఇచ్ఛాపురం దాటాక ఒడిశాలో మన గంజాం వైపు పల్లె, సూరత్‌లో పవర్‌లూమ్ పని. అక్కడ ఒకసారి తప్పు జరిగింది. మూడు వారాలకి అంగం మీద ఒక పుండు లేచింది, నొప్పి లేదు. గదిలో ఉండే స్నేహితుడు ‘ఇది హెర్పిస్’ అని మందుల షాపు నుంచి ఎసైక్లోవిర్ మాత్రలు, ఒక ట్యూబు తెచ్చిచ్చాడు. పుండు లేచిన నాలుగో రోజున ఏదో ల్యాబ్‌లో వీడీఆర్‌ఎల్ అనే సవాయి రక్తపరీక్ష చేయించారు, నెగెటివ్ వచ్చింది. నెల తిరిగేసరికి పుండు మానిపోయింది. రజ పండక్కి ఇంటికొచ్చారు. మీ ఆవిడకి ఇప్పుడు అయిదో నెల. నాకొచ్చింది హెర్పిసా, సవాయా, మానిపోయింది కాబట్టి ఇక భయం లేదా, ఆవిడకి చెప్పాలా అని అడిగారు.

ముందు జవాబు చెప్పేస్తాను. మీరు చెప్పినదాన్ని బట్టి అది హెర్పిస్ కన్నా సవాయి అయ్యే అవకాశమే చాలా ఎక్కువ. సవాయి అంటే సిఫిలిస్. పుండు దానంతటది మానిపోవడం ఆ జబ్బు నడిచే తీరు, జబ్బు పోయినట్టు కాదు. మీ దగ్గరున్న నెగెటివ్ కాగితం ఇప్పుడు లెక్కలోకి రాదు. ఈ వారంలోనే మీరిద్దరూ రక్తం ఇవ్వాలి. సవాయి అని తేలినా కంగారుపడకండి, ఇంజెక్షన్‌తో పూర్తిగా నయమవుతుంది. బిడ్డని కాపాడుకోవడానికీ ఇంకా వ్యవధి ఉంది, కానీ వాయిదా వేసేంత వ్యవధి లేదు.

నేను బరంపురంలో పాతికేళ్ళుగా చర్మ, సుఖవ్యాధులు చూస్తున్నాను. మీలాంటి కథ నాకు ఏడాదిలో చాలాసార్లు ఎదురవుతుంది. ఊళ్ళ పేర్లు మారతాయి, సూరత్ బదులు చెన్నై అవుతుంది, హైదరాబాద్ అవుతుంది. కథలో మారనిది ఒకటే: ‘నొప్పి నేదు కదా బాబూ, అదే మానిపోద్దనుకున్నాను.’ నొప్పి పెట్టే పుండుకి మనిషి మర్నాడే పరిగెత్తుకొస్తాడు. నొప్పి లేనిదానికి రాడు. ఈ రెండు జబ్బుల్లో నొప్పి పెట్టేది బతుకంతా వెంట ఉంటుంది గానీ ప్రాణం మీదికి తేవడం అరుదు. నొప్పి లేనిది సులువుగా నయమవుతుంది గానీ, వదిలేస్తే గుండె, మెదడు, కళ్ళు, కడుపులో బిడ్డ, దేన్నీ వదలదు. మన భయం సరిగ్గా తిరగబడి ఉంటుంది.

మన ప్రాంతంలో ఈ రెండూ కలిసిపోవడానికి మాటలు కూడా ఒక కారణం. పాతవాళ్ళు సుఖరోగాల్ని సెగ, సవాయి అని రెండుగా చెప్పేవారు. మూత్రంలో మంట, చీము వస్తే సెగ, పుండు లేస్తే సవాయి. ఆ లెక్కన మర్మాంగం మీద ఏ పుండైనా సవాయే, హెర్పిస్‌కి చోటు లేదు. ఇప్పటి కుర్రాళ్ళు ఫోన్లో వెతికి హెర్పిస్ అన్న మాట పట్టుకున్నారు. వాళ్ళ లెక్కలో ఏ పుండైనా హెర్పిసే. ఇంట్లో పెద్దవాళ్ళ దగ్గర హెర్పిస్ అంటే అక్కి అనుకుని, కుమ్మరి చేత జాజుతో అక్కి రాయించుకు రమ్మంటారు. నడుము మీద ఒక పక్కనే పట్టీలా లేచే ఆ అక్కి వేరు, అది చిన్నప్పుడు ఆటలమ్మ తెచ్చిన వైరస్ మళ్ళీ లేవడం. మనం మాట్లాడుకునే హెర్పిస్ వైరస్ దానికి దాయాది మాత్రమే. ఇక వీటన్నిటికీ పైన ‘వేడి చేసింది’ అన్న మాట ఒకటుంది. ఆ మాట అన్నాక ఇంకెవరూ ఏమీ అడగరు. సబ్జా నీళ్ళు, మజ్జిగ తాగుతూ నెల గడిపేస్తారు.

ఆసుపత్రికి వెళ్ళాక భాష ఇంకో చిక్కు తెస్తుంది. డాక్టరు ఒడియాలో ‘ఘా హొఇఛి కి?’ అని అడుగుతారు, మనవాళ్ళు తల ఊపుతారు. ఒడియాలో ఘా అంటే పుండూ అవుతుంది, గాయమూ అవుతుంది. మీది మొదట్లో నీటిపొక్కులా లేచిందా, లేక గట్టి గుల్లలా లేచి ఒరిసి పుండయిందా అన్నదే డాక్టరుకి కావలసిన సంగతి. నీళ్ళు నిండిన పొక్కు అయితే ‘ఫోటకా’ అని చెప్పాలి. ఈ ఒక్క మాట తేడాతో చీటీ మారిపోవడం నేను చూశాను. ఒడియా సరిగా రాకపోతే మొహమాటపడకండి, తెలుగు తెలిసిన నర్సుని పిలవమనండి. గంజాం, గజపతి, రాయగడ ఆసుపత్రుల్లో ఎవరో ఒకరు దొరుకుతారు.

హెర్పిస్ ఎలా ఉంటుందో చెబుతాను. కలయిక జరిగిన 2 నుంచి 12 రోజుల్లో బయటపడుతుంది. మొదట ఆ చోట చిమచిమలాడుతుంది, మంట పుడుతుంది, కొందరికి పిరుదు నుంచి తొడ దాకా లాగినట్టుంటుంది. తర్వాత ఎర్రబడ్డ చర్మం మీద ఆవగింజలంత నీటిపొక్కులు ఒకే చోట గుత్తిగా లేస్తాయి. అట్లకాడ నుంచి వేడి నూనె చిందితే చేతి మీద లేచే బొబ్బల్ని చిన్నవి చేసి ఒక దగ్గర పేర్చినట్టు ఊహించుకోండి. రెండు మూడు రోజుల్లో అవి చిట్లి, లోతు లేని పుళ్ళవుతాయి. లోపలి బట్ట తగిలినా ఓర్చుకోలేరు. ఆడవాళ్ళయితే మూత్రం తగిలినప్పుడు ఏడ్చేస్తారు. మొదటిసారి వచ్చినప్పుడు జ్వరం, ఒళ్ళు నొప్పులు, రెండు గజ్జల్లోనూ ముట్టుకుంటే నొప్పి పుట్టే బిళ్ళలు ఉంటాయి. మానడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. కొన్ని నెలల తర్వాత అదే చోట, ఈసారి తక్కువ పొక్కులతో, తక్కువ రోజులు, మళ్ళీ వస్తుంది. ఆ వైరస్ నడుము కింది నరాల మొదట్లో దాక్కుని ఉంటుంది. జ్వరం, నిద్రలేమి, కొందరు ఆడవాళ్ళకి నెలసరి, ఇలాంటివి దాన్ని లేపుతాయి.

సవాయి పుండు తీరు పూర్తిగా వేరు. కలయిక జరిగిన 10 నుంచి 90 రోజుల మధ్య ఎప్పుడైనా రావచ్చు, ఎక్కువగా మూడు వారాలకి వస్తుంది. మీ లెక్క అక్కడికే వచ్చింది చూడండి. చిన్న గట్టి గుల్లలా మొదలై, నడిమి చర్మం ఒరిసిపోయి, గుండ్రని పుండు అవుతుంది. సాధారణంగా ఒకటే ఉంటుంది. అడుగు పచ్చిమాంసంలా ఎర్రగా, శుభ్రంగా ఉంటుంది, చీము కనిపించదు. చేతితొడుగు వేసుకుని రెండు వేళ్ళ మధ్య పట్టుకుంటే చర్మం కింద చొక్కా గుండీ ఉన్నట్టు తగులుతుంది. ఆ గట్టిదనం ఎలా ఉంటుందో తెలియాలంటే మీ చెవి పై అంచుని రెండు వేళ్ళతో నొక్కి చూడండి, దాదాపు అదే. గజ్జల్లో బిళ్ళలు కూడా రబ్బరు ముక్కల్లా జారతాయి గానీ నొప్పి పెట్టవు. ఆడవాళ్ళకి ఇది లోపల, గర్భసంచి మూతి మీద కూడా రావచ్చు. నొప్పి లేదు, కనపడదు, కాబట్టి వచ్చిందనీ పోయిందనీ కూడా వాళ్ళకి తెలియదు.

ఈ పుండు మందు వాడినా వాడకపోయినా మూడు నుంచి ఆరు వారాల్లో మానిపోతుంది. కాబట్టి ఆ నెలలో ఏం రాస్తే దానికి పేరొస్తుంది. పసుపు రాసినవాడు పసుపుతో తగ్గిందంటాడు, నాటువైద్యుడి పసరు రాసినవాడు పసరంటాడు, మీ స్నేహితుడు ఎసైక్లోవిర్ అంటాడు. ఎసైక్లోవిర్ హెర్పిస్ వైరస్ పెరక్కుండా ఆపే మందు. సవాయిది వైరస్ కాదు, స్ప్రింగులా మెలికలు తిరిగిన బాక్టీరియా. 1905లో బెర్లిన్‌లో షాడిన్, హాఫ్‌మన్ అనే ఇద్దరు దాన్ని మొదటిసారి మైక్రోస్కోపులో చూపించారు. ఎసైక్లోవిర్ దాన్ని ఏమీ చేయదు. మీరు మాత్రలు మింగుతున్న రోజుల్లో అది పుండు దగ్గర పని ముగించుకుని రక్తంలోకి చేరి ఉండాలి.

అయితే కంటితో చూసి నేను చెప్పినా, ఇంకొకరు చెప్పినా సగమే నమ్మండి. పాఠంలో చదివినట్టు అన్ని పుళ్ళూ ఉండవు. సవాయి పుండులో వేరే క్రిములు చేరితే నొప్పి పుడుతుంది. మలద్వారం దగ్గర వస్తే చాలాసార్లు నొప్పిగా ఉంటుంది, మొలలనో చీలికనో అనుకుంటారు. ఒకటికి రెండు మూడు పుళ్ళు కూడా రావచ్చు. హెర్పిస్ వాళ్ళలో పొక్కులన్నీ చిట్లి కలిసిపోయాక వస్తే ఒకే పుండులా కనిపిస్తుంది. హెచ్‌ఐవీ ఉన్నవాళ్ళలో రెండూ ఆకారం మార్చుకుంటాయి. ఒకే మనిషికి రెండూ కలిసి రావడమూ ఉంది. ఇవి కాక మెత్తని అంచుతో, చీముతో, బాగా నొప్పి పెట్టే ఇంకో పుండు ఉండేది, షాంక్రాయిడ్ అంటారు. ఇప్పుడు అరుదు కాబట్టి వదిలేస్తున్నాను. అందుకే నేను ఎవరిని చూసినా, హెర్పిస్ అని నూటికి తొంభై పాళ్ళు అనిపించినా, రక్తపరీక్ష రాయకుండా పంపను.

ఇక మీ నెగెటివ్ కాగితం సంగతి. వీడీఆర్‌ఎల్ గానీ, ఇప్పుడు ఎక్కువచోట్ల చేసే ఆర్‌పీఆర్ గానీ, క్రిమిని వెతకవు. క్రిమి వల్ల మన ఒంట్లో పుట్టిన ప్రతిస్పందనని వెతుకుతాయి. ఆర్‌పీఆర్ ఎలా చేస్తారో ఒకసారి ల్యాబ్‌లో అడిగి చూడండి, అర్థమైపోతుంది. తెల్ల కార్డు మీద మీ రక్తపు సీరం ఒక చుక్క, దాని మీద సన్నటి బొగ్గు రేణువులు కలిపిన మందు ఒక చుక్క వేసి, ఎనిమిది నిమిషాలు గుండ్రంగా తిప్పే యంత్రం మీద పెడతారు. జబ్బు లేకపోతే చుక్క మసి కలిపిన నీళ్ళలా ఒకే రంగుగా ఉంటుంది. ఉంటే నల్లని రేణువులు ముద్దలు ముద్దలుగా కూడుకుంటాయి, మామూలు కంటికే కనిపిస్తుంది. ఆ ముద్ద కట్టించే పదార్థం రక్తంలో చేరడానికి పుండు లేచాక కూడా ఒకటి రెండు వారాలు పడుతుంది. మీరు నాలుగో రోజునే చేయించారు. ల్యాబ్ తప్పు చేయలేదు, పరీక్ష తప్పు కాదు, రోజు తొందరైంది. అప్పుడే ఎవరైనా ‘రెండు మూడు వారాలాగి మళ్ళీ చేయించు’ అని ఉంటే సరిపోయేది.

ఇప్పుడు పుండు వచ్చి రెండు నెలలు కావస్తోంది, జబ్బు ఉంటే పరీక్షలో పట్టుబడాలి. ల్యాబ్‌లో రెండు సంగతులు అడగండి. ఆర్‌పీఆర్ లేదా వీడీఆర్‌ఎల్ పాజిటివ్ వస్తే ఎంత పలుచన దాకా పాజిటివ్ అన్న అంకె రాసివ్వమనండి. 1:8, 1:32 ఇలా ఉంటుంది, అంటే సీరాన్ని ఎనిమిది రెట్లు, ముప్ఫై రెండు రెట్లు పలుచన చేసినా పాజిటివే అని. దానితోపాటు టీపీహెచ్‌ఏ అనే రెండో పరీక్ష, ఇది సవాయి క్రిమి మీదే పుట్టిన ప్రతిస్పందనని వెతుకుతుంది. ఈ రెండోది ఎందుకంటే, ఆర్‌పీఆర్ వేరే కారణాలకి కూడా పాజిటివ్ అవుతుంది. మలేరియా వచ్చి తగ్గినవాళ్ళకి, కుష్ఠు ఉన్నవాళ్ళకి, కొన్ని కీళ్ళ జబ్బులకి, ఒక్కోసారి గర్భిణులకి. మన కొండ వైపు, గజపతి, రాయగడ, కోరాపుట్, మల్కన్‌గిరి నుంచి వచ్చేవాళ్ళలో మలేరియా సంగతి అడగకుండా చిన్న అంకె ఉన్న ఆర్‌పీఆర్ చూసి సవాయి ముద్ర వేయకూడదు. ఒక పెళ్ళి విడిపోయేదాకా వెళ్ళిన ఇల్లు నాకు తెలుసు, టీపీహెచ్‌ఏ నెగెటివ్ అని తేలాక గానీ ఆ అమ్మాయి మీద నింద పోలేదు. అలాగే తిరగబడిన సంగతి ఒకటుంది: ఒంటి నిండా మచ్చలున్న దశలో రక్తంలో ఆ పదార్థం మరీ ఎక్కువై, పలుచన చేయకుండా చూస్తే నెగెటివ్‌లా కనిపిస్తుంది. అప్పుడు పలుచన చేసి చూడమని చెప్పాలి.

మచ్చలు అన్నాను కాబట్టి నా తప్పు ఒకటి మీకు చెప్పాలి. ప్రాక్టీసు మొదలుపెట్టిన కొత్తలో మగ్గం పని చేసే ఒకతను వచ్చాడు. అరచేతుల్లో, అరికాళ్ళలో రాగి రంగు మచ్చలు, పప్పుబద్దంతేసి, దురద లేదు. మగ్గం నూనె పడలేదేమో అన్నాడు. నాకూ అదే తోచింది. అలర్జీ మాత్రలు, పూతమందు రాసి పంపేశాను. దురద లేని అలర్జీ ఏమిటని ఆగి ఆలోచించలేదు. నూనె తగలని అరికాళ్ళలో ఎందుకొచ్చిందనీ అడగలేదు. అంతకుముందు పుండేమైనా లేచిందా అన్న ఒక్క ప్రశ్న వేయలేదు. నెలల తర్వాత అతను మళ్ళీ వచ్చాడు, భార్య రిపోర్టు పట్టుకుని. ఏడో నెలలో బిడ్డ కడుపులోనే పోయింది. ఆవిడ వీడీఆర్‌ఎల్ 1:64. అతను నన్ను ఒక్క మాట అనలేదు. ఇప్పుడు ఏమి చేయాలని అడిగాడు. ఆ కాగితం పట్టుకున్న చేయి తిప్పి చూస్తే అరచేయి తేటగా ఉంది. నా పూతమందుకి తగ్గిందని అతను నమ్మాడు, అప్పట్లో నేనూ నమ్మి ఉండేవాణ్ణి. ఆ మచ్చలు కూడా వాటంతటవే పోతాయి.

కాబట్టి తమ్ముడూ, ఈ మాట చదవడం ఆపి వెలుతురులోకి వెళ్ళి మీ అరచేతులు, అరికాళ్ళు చూసుకోండి. ఛాతీ, వీపు కూడా. నోట్లో తెల్లటి పొర కట్టిన పాచెస్ ఉన్నాయా, తల మీద చెదలు తిన్నట్టు అక్కడక్కడా జుట్టు ఊడిందా, మలద్వారం చుట్టూ తడిగా, చదునుగా బుడిపెలు లేచాయా. పుండు తర్వాత కొన్ని వారాల నుంచి కొన్ని నెలల్లోపు ఇవి వస్తాయి. ఇవి ఉన్నప్పుడు జబ్బు బాగా అంటుకుంటుంది. ఏమీ కనపడకపోయినా జబ్బు లేనట్టు కాదు, లోపల నిశ్శబ్దంగా ఏళ్ళు ఉండిపోతుంది. చూపు మసకబారినా, చెవుల్లో హోరు మొదలైనా, తలనొప్పి వదలకపోయినా అది ఇంకా తొందరగా చూడాల్సిన సంగతి. కన్ను, చెవి, మెదడుకి ఈ జబ్బు ఏ దశలోనైనా పాకగలదు.

చికిత్స గురించి. మందు బెంజథీన్ పెన్సిలిన్, 24 లక్షల యూనిట్లు, పిరుదులో, సాధారణంగా రెండు వైపులా సగం సగం. జబ్బు అంటుకుని ఏడాది లోపలైతే ఒక్కసారి చాలు. ఎప్పుడొచ్చిందో తెలియకపోయినా, పాతదైనా, వారానికొకటి చొప్పున మూడు వారాలు. 1943లో అమెరికాలో మహోనీ అనే డాక్టరు మొదట నలుగురికి పెన్సిలిన్ ఇచ్చి నయం చేసి చూపించాడు. ఎనభై ఏళ్ళు దాటినా ఈ క్రిమి పెన్సిలిన్‌కి ఎదురు తిరగడం నేర్చుకోలేదు. సెగ జబ్బు క్రిమి ఎన్ని మందుల్ని ఓడించిందో తెలిసినవాణ్ణి కాబట్టి ఈ సంగతి ఎప్పుడు తలుచుకున్నా నాకు ధైర్యంగా ఉంటుంది. ఇంజెక్షన్ పాలలా తెల్లగా, చిక్కగా ఉంటుంది, నొప్పి పుడుతుంది, రెండు రోజులు కూర్చోవడం కష్టం. షాపులో 12 లక్షలది కూడా దొరుకుతుంది, అది గుండె కవాటాల జ్వరం ఉన్న పిల్లలకి మూడు వారాలకొకసారి వేసేది. అది ఒక్కటి వేయించుకుని సరిపెట్టుకుంటే సగం మోతాదే అయినట్టు. పెన్సిలిన్ కొందరికి పడదు, కాబట్టి ఆసుపత్రిలోనే, ముందు పరీక్ష చేసి, దగ్గర అత్యవసర మందులు ఉంచుకుని వేయాలి. ఆర్‌ఎంపీ దగ్గర వేయించుకోవద్దు. పెన్సిలిన్ పడనివాళ్ళకి, జబ్బు కొత్తదైతే, డాక్సీసైక్లిన్ రెండు వారాలు ఇస్తాం, అయితే అది గర్భిణులకి కుదరదు.

ఖర్చు గురించి వెనకాడకండి. బరంపురం ఎంకేసీజీ మెడికల్ కాలేజీలో చర్మ, సుఖవ్యాధుల విభాగం ఉంది. సర్కారీ ఆసుపత్రుల్లో సురక్ష క్లినిక్ అని బోర్డు ఉన్నచోట ఇవి ఉచితం. అక్కడ మందులు రంగుల కిట్లలో ఉంటాయి. నొప్పి లేని పుండు, చీము పుండులకి తెల్ల కిట్, నీటిపొక్కుల హెర్పిస్‌కి ఎర్ర కిట్. ఏ రంగు కిట్ ఇస్తున్నారో చూసి, ఎందుకో అడగండి. మీ పక్క ఆసుపత్రిలో క్లినిక్ ఎక్కడుందో తెలియకపోతే 1097 హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయండి, డబ్బులు పడవు. అదే రోజు హెచ్‌ఐవీ పరీక్ష కూడా చేయించుకోండి. పుండున్న చోట నుంచి హెచ్‌ఐవీ లోపలికి రావడం సులువు. మొదటిది నెగెటివ్ వచ్చినా ఆ కలయిక జరిగి మూడు నెలలు నిండాక ఇంకోసారి.

ఒకవేళ పరీక్షలన్నీ నెగెటివ్ వచ్చి, నా అనుమానం తప్పై, మీది నిజంగా హెర్పిసే అయితే? అప్పుడూ కుంగిపోవద్దు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ వాళ్ళలో ప్రతి అయిదుగురిలో ఒకరికి పైగా మర్మాంగ హెర్పిస్ ఉంది, చాలామందికి ఉన్నట్టే తెలియదు. ఎసైక్లోవిర్ పొక్కులు లేచిన ఒకటి రెండు రోజుల్లో మొదలుపెడితే బాగా పనిచేస్తుంది, పుండు మానే దశలో మింగితే పెద్దగా లాభం ఉండదు. ట్యూబు పూత దాదాపు దండగ. మీ ఆవిడకి ఇదివరకు హెర్పిస్ లేకపోతే, కాన్పు దగ్గరపడ్డ నెలల్లో మొదటిసారి అంటుకోవడం బిడ్డకి ప్రమాదం. చివరి మూడు నెలలూ కలయిక మానేయండి, కాన్పు చేసే డాక్టరుకి సంగతి చెప్పండి. నొప్పుల సమయానికి పొక్కులుంటే వాళ్ళు ఆపరేషన్ చేసి బిడ్డని తీస్తారు.

చివరి ప్రశ్న, ఆవిడకి చెప్పాలా అని. చెప్పాలి. వేరే దారి వెతికారని నాకు తెలుసు, అందరూ వెతుకుతారు. బలం మాత్రలని చెప్పి ఏదో మింగించడం, తోడల్లుడి చేత చెప్పించడం, గర్భిణి పరీక్షల్లో ఎలాగూ చూస్తారులే అని ఊరుకోవడం. మొదటి నెలల్లో ఆశా కార్యకర్త తీసుకెళ్ళి చేయించిన పరీక్షలో ఆవిడకి నెగెటివ్ వచ్చి ఉండొచ్చు, అది మీరు ఊరికి రాకముందు మాట. ఇప్పుడు మళ్ళీ చేయాలి. మీకు సవాయి తేలితే, ఈ మూడు నెలల్లో మీతో కలిసి ఉన్నందుకు ఆవిడ పరీక్ష నెగెటివ్ వచ్చినా ఇంజెక్షన్ వేస్తారు. గర్భిణికి పెన్సిలిన్ ఒక్కటే మందు. ఎజిత్రోమైసిన్ లాంటివి తల్లికి కొంత పనిచేసినా బిడ్డ దాకా సరిగా చేరవు. పెన్సిలిన్ పడకపోతే ఆసుపత్రిలో చేర్చి, కొంచెం కొంచెంగా అలవాటు చేసి అయినా అదే ఇస్తారు. కాన్పుకి కనీసం 30 రోజుల ముందు తల్లికి మందు పడితే బిడ్డని కాపాడగలం. మీకు నాలుగు నెలలున్నాయి.

ఎలా చెప్పాలంటే, ఇంట్లో అమ్మానాన్నల మధ్య వద్దు. క్లినిక్‌కి ఇద్దరూ వెళ్ళండి. ముందు మీరు కౌన్సెలర్‌తో మాట్లాడి, తర్వాత ఆవిడని లోపలికి పిలిచి, కౌన్సెలర్ పక్కనుండగా మీ నోటితో మీరే చెప్పండి. ‘బాత్రూం వల్ల వచ్చింది’ అనొద్దు. ఈ క్రిమి అలా రాదు, ఆవిడ ఇవాళ నమ్మినా రేపు ఎవరో చెబుతారు. ఆవిడ ఏడుస్తుంది, తిడుతుంది, పుట్టింటికి వెళ్తానంటుంది. వెళ్ళినా పరవాలేదు, ఇంజెక్షన్ వేయించుకుని వెళ్ళమనండి. ఆవిడకి పాజిటివ్ వస్తే మాత్రం, నీకు ముందునుంచీ ఉందేమో అని పొరపాటున కూడా అనకండి. ఆ మాట చాలా ఇళ్ళలో విన్నాను.

మందు పడ్డాక ఇద్దరికీ పుళ్ళు, మచ్చలు పూర్తిగా మాని, కనీసం ఏడు రోజులు గడిచేదాకా దూరంగా ఉండండి. ఆరు నెలలకి, ఏడాదికి ఆర్‌పీఆర్ మళ్ళీ చేయించండి, వీలైతే అదే ల్యాబ్‌లో. అంకె రెండు మెట్లు దిగాలి, 1:32 ఉన్నది 1:8కి రావాలి. ఆవిడకి డాక్టరు ఇంకా ముందే, కాన్పు లోపే చేయమనొచ్చు. టీపీహెచ్‌ఏ మాత్రం నయమైనా సాధారణంగా జీవితాంతం పాజిటివ్‌గానే ఉంటుంది, దాన్ని చూసి ఎవరైనా మళ్ళీ ఇంజెక్షన్ వేస్తామంటే పాత కాగితాలు చూపించండి. అందుకే ఆ కాగితాలు పారేయకండి, సూరత్ వెళ్ళినా వెంట ఉంచుకోండి.

ఇంజెక్షన్ పడ్డ రాత్రి మీ ఇద్దరికీ చలి జ్వరం, ఒళ్ళు నొప్పులు రావచ్చు. చచ్చిన క్రిముల వల్ల వచ్చే జ్వరం అది, మందు పడకపోవడం కాదు, ఒక రోజులో తగ్గుతుంది, పారాసిటమాల్ చాలు. ఆవిడ విషయంలో మాత్రం ఆ రాత్రి పక్కనే ఉండండి. పొట్ట బిగుసుకుని నొప్పులు మొదలైనా, బిడ్డ కదలిక తగ్గినట్టు అనిపించినా తెల్లారేదాకా ఆగకుండా కాన్పుల వార్డుకి తీసుకెళ్ళి, సవాయికి పెన్సిలిన్ వేయించామని వాళ్ళకి చెప్పండి. బండి ముందే మాట్లాడి ఉంచుకోండి.